ఇంటర్‌ఫేస్ బోర్డు పోర్టు కనిపించి మాయమవుతోంది: లోపం బోర్డులో ఉందా, కంప్యూటరులో ఉందా?

భౌతికశాల (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాల. బీఎస్సీ విద్యార్థుల చేత న్యూటన్ శీతలీకరణ నియమం ప్రయోగాన్ని థర్మామీటరు, స్టాప్‌వాచీలతో కాకుండా, కంప్యూటరుకు కలిపిన ఇంటర్‌ఫేస్ బోర్డుతో చేయించడం ఈ ఏడాది మొదలుపెట్టాం. బోర్డు ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) నమూనాలో తయారైనదే గానీ అసలు కంపెనీది కాదు; అదే డిజైనుతో తక్కువ ధరకు దొరికే రకం. యూఎస్‌బీ సాకెట్టు పక్కన సీహెచ్340 అని ముద్రించిన చిప్పు ఉంది. కెలోరిమీటరులోని వేడినీటిలో స్టీలు గొట్టంలో అమర్చిన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరును ముంచుతాం. నీరంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలని ఒక చిన్న డీసీ మోటారుతో కలియబెడుతున్నాం. ఆ మోటారును రిలే (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చు) ద్వారా బోర్డే వేసి ఆపుతుంది. రిలేకూ మోటారుకూ కూడా విద్యుత్తు బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచే ఇచ్చాం. బోర్డు పంపే రీడింగులను కంప్యూటరులో ఒక పైథాన్ ప్రోగ్రాము ఫైలులో రాస్తుంది.

ప్రయోగశాలలోని కంప్యూటర్లలో ఇదివరకు లైనక్సు రకపు ఆపరేటింగ్ సిస్టం ఉబుంటు 20.04 ఉండేది, అప్పుడు బోర్డు బాగానే పనిచేసింది. వేసవి సెలవుల్లో వాటిలో ఉబుంటు 22.04 వేశారు. అప్పటినుంచి బోర్డు కలిపితే దాని మీది దీపం వెలుగుతోంది గానీ, ఆర్డుయినో సాఫ్ట్‌వేరులో పోర్టుల జాబితా ఖాళీగా ఉంటోంది. జాగ్రత్తగా గమనిస్తే కలిపిన క్షణంలో పోర్టు పేరు ఒక్కసారి కనిపించి వెంటనే పోతోంది.

పక్క గదిలో విండోస్ 10 ఉన్న కంప్యూటరుకు కలిపితే పోర్టు నిలబడుతోంది, రీడింగులూ వస్తున్నాయి. అయితే అక్కడ ఇంకొక ఇబ్బంది ఉంది. మోటారు మొదలైనప్పుడు ఒక్కొక్కసారి ప్రోగ్రాము పోర్టు తెగిపోయిందని చెప్పి ఆగిపోతోంది. ఆగనప్పుడు కూడా కాలం మళ్ళీ సున్న నుంచి మొదలవుతోంది. ఒక విద్యార్థిని ఫైలులో వరుసగా వచ్చిన విలువలు ఇలా ఉన్నాయి: 62.50, 62.31, 85.00, 62.06. చల్లారుతున్న నీటికి మధ్యలో 85 డిగ్రీలు ఎలా వస్తాయో ఆ అమ్మాయికి నేను చెప్పలేకపోయాను.

బోర్డు అమ్మినవారు కంప్యూటరులోనే సమస్య అంటున్నారు, కంప్యూటర్లు చూసేవారు బోర్డు చెడిపోయిందంటున్నారు. కొత్త బోర్డు కొనమని ప్రిన్సిపాలుగారిని అడిగే ముందు, లోపం నిజంగా ఎక్కడుందో తేల్చుకోవాలనుకుంటున్నాను. సెమిస్టరు ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. దయచేసి సలహా ఇవ్వగలరు.


కెర్నల్‌పాఠకుడు:

భౌతికశాల గారికి నమస్కారం. మీరు వివరాలన్నీ ఇచ్చి అడిగారు కాబట్టి సమాధానం చెప్పడం తేలికైంది. మీ దగ్గర ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలని నా అభిప్రాయం. పైకి రెండింటి లక్షణమూ పోర్టు మాయమవడమే కావడం వల్ల ఒకటిగా కనబడుతున్నాయి. ఉబుంటులో జరుగుతున్నది రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తగువు, విండోస్‌లో జరుగుతున్నది విద్యుత్తుకు సంబంధించినది. రెండోదాని గురించి హార్డ్‌వేరు తెలిసినవారు నాకంటే బాగా చెబుతారు గనుక, నేను మొదటిదానికే పరిమితమవుతాను.

ముందు ఒక్క పని చేయండి. బోర్డు కలపకుండా టెర్మినల్ తెరిచి, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) సందేశాలను చూపే డీమెస్‌జీ ఆదేశాన్ని, కొత్త సందేశాలు ఎప్పటికప్పుడు కనబడేలా ఫాలో ఐచ్ఛికంతో నడపండి. ఉబుంటు 22.04లో దీనికి సుడో, అంటే నిర్వాహకుడి అధికారంతో ఆదేశం నడిపే పద్ధతి, అవసరం. ఆ తర్వాత బోర్డు కలిపి, వరుసగా వచ్చే సందేశాలు చదవండి. కొత్త ఫుల్-స్పీడ్ యూఎస్‌బీ పరికరం దొరికిందనీ, దాని గుర్తింపు సంఖ్యలు 1ఎ86, 7523 అనీ మొదట వస్తుంది. తర్వాత సీహెచ్341 డ్రైవరు దాన్ని టీటీవైయూఎస్‌బీ0 అనే పోర్టుకు జతచేసినట్టు వస్తుంది. డ్రైవరు పేరు 341 అని ఉన్నా అది 340 చిప్పుకు కూడా పనిచేసేదే. ఇంతవరకూ వచ్చిందంటే మీ కేబులు, సాకెట్టు, సీహెచ్340 చిప్పు సరిగ్గా ఉన్నట్టే. బోర్డు చెడిపోయిందన్న మాటను అక్కడితో పక్కన పెట్టవచ్చు.

అసలు విషయం ఆ తర్వాతి వరుసల్లో ఉంటుంది. బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరుతో ఒక కీబోర్డు పరికరం నమోదైనట్టు, సీహెచ్341 పట్టుకొని ఉన్న ఇంటర్‌ఫేసును బీఆర్‌ఎల్‌టీటీవై తన ఆధీనంలోకి తీసుకుంటున్నట్టు, చివరకు కన్వర్టరు టీటీవైయూఎస్‌బీ0 నుంచి విడిపోయినట్టు సందేశాలు వస్తే నా అనుమానం నిజమే.

ఈ బీఆర్‌ఎల్‌టీటీవై చాలా విలువైన ప్రోగ్రాము. చూపులేనివారు తెర మీది అక్షరాలను వేలికొసలతో చదువుకునేందుకు వాడే బ్రెయిలీ పరికరాలను ఇది నడుపుతుంది. అటువంటి పరికరాన్ని కలిపిన వెంటనే, ఎవరూ చూసి మౌసుతో నొక్కనవసరం లేకుండా, అది తనంతట తాను పనిచేయడం మొదలుపెట్టాలి. అందుకోసం ఏ గుర్తింపు సంఖ్య ఉన్న పరికరం వస్తే లేచి పట్టుకోవాలో చెప్పే నియమాల ఫైలు ఒకటి వ్యవస్థలో ఉంటుంది. ఒక బ్రెయిలీ పరికరంలో కూడా 1ఎ86, 7523 సంఖ్యలున్న చిప్పునే వాడారు. ఆ సంఖ్యలు చెప్పేది యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్పు ఏదన్న సంగతే. దాని వెనుక ఉన్నది బ్రెయిలీ యంత్రమో, మీ ఉష్ణోగ్రత బోర్డో వాటికి తెలియదు. ఉబుంటు 22.04తో వచ్చిన బీఆర్‌ఎల్‌టీటీవైలో ఈ సంఖ్యకు నియమం ఉండటం వల్ల, మీ బోర్డును అది బ్రెయిలీ పరికరమనుకొని పట్టుకుంటోంది. 20.04లో మీకు ఈ ఇబ్బంది రాకపోవడానికి కారణం ఇదే.

చాలామంది ఇచ్చే సలహా బీఆర్‌ఎల్‌టీటీవైని పూర్తిగా తీసివేయమని. సొంత ల్యాప్‌టాపులో అయితే అది సరే. కళాశాల ప్రయోగశాలలో మాత్రం అలా చేయవద్దని మనవి చేస్తున్నాను. రేపు చూపులేని విద్యార్థి ఎవరైనా తన బ్రెయిలీ పరికరం తెచ్చి కలిపితే ఆ కంప్యూటరు పలకదు, ఎందుకు పలకడం లేదో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. ఒక్క నియమాన్ని నిలిపివేస్తే చాలు. యూఎస్ఆర్ కింద లిబ్ ఫోల్డరులో, యూడెవ్ (కలిపిన పరికరాలను చూసుకునే వ్యవస్థ) నియమాల దగ్గర, 85 అంకెతో మొదలయ్యే బీఆర్‌ఎల్‌టీటీవై నియమాల ఫైలు ఉంటుంది. దాన్ని అక్కడే దిద్దితే తర్వాతి అప్‌డేటులో మీ మార్పు పోతుంది. అందుకని అదే పేరుతో ఈటీసీ కింద ఉన్న యూడెవ్ నియమాల ఫోల్డరులోకి నకలు తీసుకోండి. ఒకే పేరుతో రెండు చోట్లా ఫైలుంటే వ్యవస్థ ఈటీసీలోనిదే చదువుతుంది. ఆ నకలులో 1ఎ86/7523 ఉన్న వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి భద్రపరచండి. తర్వాత యూడెవ్‌ఏడీఎం ఆదేశంతో నియమాలను మళ్ళీ చదివించి, బోర్డు తీసి మళ్ళీ కలపండి.

పోర్టు నిలబడ్డాక అనుమతి లేదన్న సందేశం వస్తే గాభరా పడకండి. విద్యార్థుల లాగిన్ డయలౌట్ అనే గుంపులో లేకపోతే అలా వస్తుంది. యూజర్‌మాడ్ ఆదేశంతో ఆ గుంపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి రావాలి. లాగౌట్ కాకుండా ఎన్నిసార్లు చూసినా మార్పు కనబడదు.


ల్యాబ్‌సహాయం:

నాది చిన్న మాట. విండోస్‌లో రీడింగులు వస్తున్నాయన్నారు కాబట్టి అక్కడ డ్రైవరు పనిచేస్తున్నట్టే. అయితే ఎప్పుడైనా కామ్-స్టేట్ అమర్చలేకపోయామన్న అర్థంతో దోషం వచ్చి ప్రోగ్రాము ఎక్కించడం ఆగిపోతే, డివైస్ మేనేజరులో ఆ పోర్టు డ్రైవరు సంచిక చూడండి. సీహెచ్340 పేరుతో వచ్చే కొన్ని చౌక చిప్పులతో 3.8 శ్రేణి డ్రైవరు పొసగడం లేదు. విండోస్ అప్‌డేటు దాన్ని తనంతట తానే దించుకుంటుంది. రోల్ బ్యాక్ చేసి పాత సంచికకు వెళ్తే సరిపోతుంది. 2014లో మరొక తయారీదారు, అంటే ఎఫ్‌టీడీఐ, విడుదల చేసిన డ్రైవరు విండోస్ అప్‌డేటు ద్వారా వచ్చి, నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చేయడంతో ఎన్నో బోర్డులు కంప్యూటర్లకు కనబడకుండా పోయాయి. ఆ తర్వాత దాన్ని అప్‌డేటు నుంచి ఉపసంహరించారు. అందుకే ప్రయోగశాల కంప్యూటర్లలో పనిచేస్తున్న డ్రైవరు సంచిక ఏదో ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం మంచిదని నేను అందరికీ చెబుతుంటాను.

మోటారు విషయంలో, యూఎస్‌బీ నుంచి కరెంటు చాలడం లేదనిపిస్తోంది. బోర్డు మీది గుండ్రటి సాకెట్టులో 12 వోల్టుల ఎడాప్టరు పెడితే సరిపోతుంది కదా.


సోల్డర్‌బల్ల:

భౌతికశాల గారూ, ఆ విద్యార్థిని ఫైలులోని 85.00 మీ సమస్యకు మంచి ఆధారం. దాన్ని చెరిపివేయకుండా ఇక్కడ చూపినందుకు ఆ అమ్మాయిని అభినందించండి.

డీఎస్18బీ20కి విద్యుత్తు అందగానే దాని లోపలి జ్ఞాపకంలో ముందుగా నిలిచే విలువ సరిగ్గా 85 డిగ్రీలు. తయారీ పత్రంలోనే ఆ సంగతి రాసి ఉంటుంది. ఉష్ణోగ్రత కొలవమని ఆజ్ఞ ఇచ్చాక 12 బిట్ల కచ్చితత్వంతో కొలవడానికి ఆ సెన్సరుకు 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ వ్యవధి మధ్యలో దాని విద్యుత్తు ఒక్క క్షణం పడిపోయి తిరిగి వస్తే, కొలత పోయి, జ్ఞాపకం మొదటి స్థితికి వెళ్తుంది. అప్పుడు బోర్డు చదివేది ఆ 85నే. తీగ ఊడిపోయి ఉంటే సాధారణంగా వాడే లైబ్రరీ మైనస్ 127 ఇచ్చేది. మీకు 85 వచ్చింది కాబట్టి తీగలు బాగున్నాయి, 5 వోల్టుల సరఫరా మాత్రం మోటారు లేచినప్పుడు కుంగుతోంది.

కాలం సున్నకు రావడం కూడా అదే కథలో మరొక భాగం. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు. ఊనో డిజైనులో అంతకు మించితే తెగి, చల్లబడ్డాక తిరిగి కలిసే ఫ్యూజు ఒకటి ఉంటుంది. నిలిచి ఉన్న డీసీ మోటారు కదలడం మొదలుపెట్టే క్షణంలో, తిరుగుతున్నప్పటి కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మామూలుగా వాడే 5 వోల్టుల రిలే చుట్ట నిరోధం సుమారు 70 ఓములు, కాబట్టి అది ఒక్కటే 70 మిల్లీ ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. పైగా సన్నని, పొడవైన యూఎస్‌బీ కేబులులో కొంత వోల్టేజి పోతుంది. ఇవన్నీ కలిసి బోర్డు దగ్గరి 5 వోల్టులను కిందికి లాగుతాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఊనోలో ప్రోగ్రామును నడిపే ఏటీమెగా328పీ చిప్పు, వోల్టేజి 2.7కు పడిపోతే తనంతట తాను రీసెట్ అయ్యేలా, అంటే మళ్ళీ మొదటినుంచి మొదలయ్యేలా, అమర్చి ఉంటుంది. కానీ 16 మెగాహెర్ట్‌జ్ వేగంతో నడవాలంటే ఆ చిప్పుకు దాదాపు 3.8 వోల్టులు ఉండాలని తయారీ పత్రంలోని గ్రాఫు చెబుతుంది. ఈ రెండింటి నడుమ వోల్టేజి ఉన్నంతసేపూ చిప్పు రీసెట్ కాదు, సరిగ్గా నడుస్తుందన్న హామీ కూడా ఉండదు. ఒకసారి కాలం సున్న కావడం, ఒకసారి 85 రావడం, ఒకసారి ఏమీ కాకపోవడం, ఇలా రకరకాలుగా కనబడేది అందుకే. విద్యార్థులు దీన్ని ప్రోగ్రాములోని తప్పనుకొని ప్రోగ్రామును మార్చుతూ కూర్చుంటారు. ఎంత మార్చినా లాభం ఉండదు.

పోర్టు తెగిపోవడానికి కూడా మూలం ఇదే. సీహెచ్340 చిప్పు కూడా ఆ 5 వోల్టుల మీదే బతుకుతుంది. అది ఒక్క క్షణం ఆగి లేస్తే కంప్యూటరు దృష్టిలో పాత పరికరం వెళ్ళిపోయి కొత్త పరికరం వచ్చినట్టు. లైనక్సులో మీ పైథాన్ ప్రోగ్రాము పాత టీటీవైయూఎస్‌బీ0ను ఇంకా తెరిచి పట్టుకొని ఉంటే, వచ్చిన పరికరానికి టీటీవైయూఎస్‌బీ1 అనే పేరు వస్తుంది. మీరు ఉబుంటు తగువును తీర్చుకున్నాక ఈ స్థితి ఎదురైతే, బీఆర్‌ఎల్‌టీటీవై మళ్ళీ వచ్చిందేమోనని పొరబడవద్దు. కెర్నల్ సందేశాల్లో తేడా స్పష్టంగా ఉంటుంది. సాఫ్ట్‌వేరు తగువులో యూఎస్‌బీ పరికరం అలాగే ఉండి, దాని నుంచి డ్రైవరు ఒక్కటే విడిపోతుంది. విద్యుత్తు సమస్యలో యూఎస్‌బీ పరికరమే డిస్కనెక్ట్ అయినట్టు, తర్వాత కొత్త సంఖ్యతో తిరిగి వచ్చినట్టు ఉంటుంది. విద్యుదయస్కాంత అలజడి వల్ల హబ్బు ఆ పోర్టును ఆపివేస్తే, ఈఎంఐ అనే మూడు అక్షరాలు ప్రశ్నార్థకంతో సహా ఆ సందేశంలోనే కనబడతాయి.

ఇక ల్యాబ్‌సహాయం గారి సూచన గురించి. 12 వోల్టుల ఎడాప్టరుతో యూఎస్‌బీ పరిమితి తప్పుతుందనేది నిజమే గానీ, బోర్డు మీది రెగ్యులేటరు 12ను 5గా తగ్గించడానికి మిగతా 7 వోల్టులనూ వేడిగా పారేయాలి. మోటారు 400 మిల్లీ ఆంపియర్లు లాగితే అది 2.8 వాట్లు. సరైన హీట్‌సింకు లేని ఆ చిన్న ముక్క దాన్ని తట్టుకోలేదు. కాసేపటికి వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది, అప్పుడు బోర్డంతా ఆగుతుంది. పైగా మోటారు, సెన్సరు అప్పటికీ ఒకే 5 వోల్టుల తీగ మీద ఉంటాయి కనుక అలజడి పోదు. అందువల్ల ఆ మార్గం వద్దని నా సలహా.

మోటారుకు వేరే సరఫరా ఇవ్వండి. ఫోను ఛార్జరు లాంటి 5 వోల్టుల ఎడాప్టరు చాలు. ఆ ఎడాప్టరు ప్లస్ తీగను రిలేలోని కామన్ స్క్రూకు, నార్మల్లీ ఓపెన్ స్క్రూ నుంచి మోటారుకు, మోటారు రెండో కొసను ఎడాప్టరు మైనస్‌కు కలపండి. ట్రాన్సిస్టరుతో నడిపితే రెండు సరఫరాల గ్రౌండ్లు కలపాలని అందరూ చెబుతారు, అది సరైనదే. మీది రిలే కాబట్టి, దాని కాంటాక్టులకూ బోర్డుకూ విద్యుత్ సంబంధమే లేదు, గ్రౌండు కలపనవసరం లేదు. కలపకపోతేనే మోటారు అలజడి బోర్డుకు దూరంగా ఉంటుంది.

మోటారు రెండు కొసల మధ్య 104 అని ముద్రించిన సెరామిక్ కెపాసిటరు, అంటే 0.1 మైక్రోఫారడ్‌ది, మోటారు ఒంటికి ఆనేంత దగ్గరగా సోల్డరు చేయండి. 1ఎన్4007 డయోడును తిరగేసి, తెల్ల గీత ఉన్న కొస ప్లస్ వైపు వచ్చేలా, అదే చోట పెట్టండి. మోటారు ఆగేటప్పుడు రిలే కాంటాక్టుల దగ్గర పుట్టే నిప్పురవ్వను అది అణుస్తుంది. మోటారు తీగలు రెండింటినీ జడలా మెలిపెట్టి, సెన్సరు తీగకూ యూఎస్‌బీ కేబులుకూ దూరంగా నడపండి.

ఇవన్నీ చేసే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తే మంచిది. మోటారు తీగను రిలే నుంచి ఊడదీసి, రిలే ఒక్కటే టిక్కుమంటూ పనిచేసేలా ప్రయోగం నడపండి. ఇబ్బంది పూర్తిగా పోతే దోషం మోటారుదే, ఇంకా ఉంటే రిలే చుట్ట సరఫరాను కూడా వేరు చేయాలి. ఇబ్బంది ఏ క్షణంలో వస్తోందో కూడా చూడండి. మోటారు మొదలయ్యేటప్పుడు వస్తే ఎక్కువగా కరెంటు చాలకపోవడం, ఆగేటప్పుడు వస్తే ఎక్కువగా కాంటాక్టుల అలజడి.

చివరిగా, 85 వచ్చిన రీడింగులను వదిలేయమని ప్రోగ్రాములో రాయాలన్న ఆలోచన వస్తుంది. దయచేసి అలా రాయకండి. మీ ప్రయోగంలో నీరు మొదట ఎనభై, తొంభై డిగ్రీల దగ్గర ఉంటుంది కదా, నిజంగానే నీరు 85 డిగ్రీల గుండా దిగుతుంది. నిజమైన 85కు అటూ ఇటూ 85.19, 84.88 లాంటి విలువలు ఉంటాయి. దొంగ 85 పక్కన 62 ఉంటుంది. పక్క విలువలతో పోల్చి గుర్తుపెట్టమనండి, చెరపమనకండి.


కెర్నల్‌పాఠకుడు:

సోల్డర్‌బల్ల గారి వివరణకు నాదొక చేర్పు. ఫైలులో రెండు కాలాలు రాయించండి: బోర్డులోని మిల్లీసెకన్ల లెక్క ఒకటి, కంప్యూటరు గడియారం ఒకటి. బోర్డు లెక్క వెనక్కి వెళ్ళిన ప్రతిచోటా రీసెట్ జరిగిందని అర్థం. గ్రాఫుకు మాత్రం కంప్యూటరు గడియారమే వాడండి. అయితే పైథాన్ ప్రోగ్రాము పోర్టు తెరిచినప్పుడల్లా బోర్డు ఒకసారి రీసెట్ అవుతుంది. అది లోపం కాదు. కొత్త ప్రోగ్రాము ఎక్కించేందుకు వీలుగా డీటీఆర్ అనే సంకేతాన్ని ఒక చిన్న కెపాసిటరు ద్వారా రీసెట్ పిన్నుకు కలిపి ఉంచారు. పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగి, అప్పటివరకు వచ్చిన అక్షరాలను పారేసి, తర్వాతే చదవడం మొదలుపెట్టాలి.


భౌతికశాల:

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉబుంటులో కెర్నల్ సందేశాలు చూశాను. కెర్నల్‌పాఠకుడు గారు చెప్పిన వరుసలోనే సందేశాలు వచ్చాయి: టీటీవైయూఎస్‌బీ0 జతకావడం, దాని కిందే బీఆర్‌ఎల్‌టీటీవై పేరు, ఆ కిందే విడిపోవడం. నియమాల ఫైలు నకలులో ఆ ఒక్క వరుసను నిలిపివేశాక పోర్టు స్థిరంగా ఉంది. ప్రోగ్రామును తీసివేయలేదు. ఎందుకు ఆపామో ఫైలులోనే ఆ వరుస పైన తెలుగులో ఒక వాక్యం రాసి ఉంచాను, తర్వాత వచ్చేవారికి తెలుస్తుంది.

మోటారు తీగ ఊడదీసి చూస్తే ఏ ఇబ్బందీ లేదు. పాత ఫోను ఛార్జరుతో వేరే సరఫరా ఇచ్చి, కెపాసిటరూ డయోడూ మా ఎలక్ట్రానిక్స్ విభాగం వారి చేత సోల్డరు చేయించాను. ఇప్పుడు వేడినీరు గది ఉష్ణోగ్రతకు చేరేదాకా రీడింగులు తెగకుండా వస్తున్నాయి. దొంగ 85 మళ్ళీ రాలేదు.

ఇక ఒక్క సందేహం మిగిలింది. బల్లకు రెండు చొప్పున బోర్డులు పెట్టి, ఒకే కంప్యూటరుతో ఇద్దరు విద్యార్థుల చేత ఒకేసారి చేయించాలనుకుంటున్నాం. ఒక్కొక్క రోజు ఒక బోర్డు సున్న సంఖ్య పోర్టుగా, మరొక రోజు ఒకటి సంఖ్య పోర్టుగా వస్తోంది. ఎవరి రీడింగులు ఎవరి ఫైలులో పడుతున్నాయో తెలియడం లేదు. బోర్డును బట్టి పోర్టుకు స్థిరమైన పేరు పెట్టే మార్గం ఉందా?


కెర్నల్‌పాఠకుడు:

చాలా సంతోషం. బోర్డును బట్టి పేరు పెట్టడం అసలు ఊనోలతో కుదురుతుంది, ఎందుకంటే వాటిలో ప్రతిదానికీ వేరే సీరియల్ సంఖ్య ఉంటుంది. మీ బోర్డుల్లో సాధారణంగా ఉండే సీహెచ్340జీ రకానికి ఆ సంఖ్య ఉండదు. కంప్యూటరు దృష్టిలో మీ రెండు బోర్డులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. అందువల్ల బోర్డును బట్టి కాకుండా, అది ఏ యూఎస్‌బీ సాకెట్టులో ఉందన్నదాన్ని బట్టి గుర్తించాలి.

దీనికి కొత్త నియమమేమీ రాయనవసరం లేదు. డెవ్ ఫోల్డరు కింద సీరియల్ అనే ఫోల్డరు, దానిలో బై-పాత్ అనే ఫోల్డరు ఉంటాయి. ప్రతి పోర్టుకూ అక్కడ ఒక పొడవైన పేరు ఉంటుంది, అది కంప్యూటరులోని సాకెట్టు స్థానం నుంచి పుట్టిన పేరు. బోర్డు ఏదైనా, ఏ వరుసలో కలిపినా, ఎన్నిసార్లు రీసెట్ అయినా, ఆ సాకెట్టులో ఉన్నంతకాలం పేరు మారదు. మీ పైథాన్ ప్రోగ్రాములో టీటీవైయూఎస్‌బీ0 బదులు ఆ పూర్తి పేరు ఇవ్వండి. పక్కనే బై-ఐడీ అనే ఫోల్డరు కూడా కనబడుతుంది. రెండు బోర్డుల గుర్తింపూ ఒకటే కావడం వల్ల అక్కడ రెండింటికీ ఒకే పేరు వచ్చి, ఏదో ఒకటే మిగులుతుంది. దాన్ని వాడవద్దు.

మధ్యలో యూఎస్‌బీ హబ్బు పెడితే దాని సాకెట్లు కూడా ఆ పేరులో భాగమవుతాయి కాబట్టి, హబ్బును ఎప్పుడూ కంప్యూటరులోని ఒకే సాకెట్టుకు కలపాలి. విడిగా ఎడాప్టరు ఉన్న హబ్బు తీసుకోండి, లేకపోతే రెండు బోర్డులూ ఒకే 500 మిల్లీ ఆంపియర్లను పంచుకోవాలి. రెండు సాకెట్ల పక్కన ఎడమ, కుడి అని చీటీలు అంటించి, ప్రోగ్రాము తెర మీద కూడా అవే మాటలు కనబడేలా రాయిస్తే, విద్యార్థులు తమ ఫైలును వాళ్ళే గుర్తుపట్టుకోగలరు.